నాన్నగారి పేరున విరాళం: పంచుకోకముందే అమ్మగారి చేత ఇప్పించండి

ప్రశ్న: మా నాన్నగారు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఎమ్మెస్సీ చదివింది మన రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే. ఆ రోజుల్లో మెస్ బిల్లు కట్టలేక నెలాఖరు వారం బయట టీ, బన్నుతో నెట్టుకొచ్చానని చెప్పేవారు. ఆయన పోయి ఏడాదైంది. అమ్మ తన పేర ఉన్న రెండెకరాలు అమ్మింది. అందులో 60 లక్షలు నాన్న చదివిన యూనివర్సిటీకే ఇద్దామని అందరం అనుకున్నాం. ముగ్గురం తలా 20 లక్షలు తీసుకుని ఎవరి పేర వాళ్లం ఇవ్వాలని ఆలోచన. డాలస్‌లో ఉండే అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. ప్రొఫెసర్ పీఠం, అంటే దాత ఇచ్చిన నిధితో నడిచే ఆచార్య పదవి, పెట్టిద్దామంటాడు, తన సంపాదన నుంచి ఇంకో 25 వేల డాలర్లు కలుపుతానంటున్నాడు. చెల్లి డిపార్ట్‌మెంటుకి ఒక ల్యాబ్ గది కట్టించాలంటుంది, వాళ్ల కంపెనీ సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కూడా అడుగుతానంటోంది. అమ్మ మనసు గోల్డ్ మెడల్ మీద ఉంది. నాకేమో లేని పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తే బాగుండుననిపిస్తుంది. ఇచ్చిన డబ్బు ఎటు పోతుందోనన్న భయమూ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు ఒక పని ఆపండి. ఆ 60 లక్షలు పంచుకోకండి.

డబ్బు మీ అమ్మగారి ఖాతాలో ఉన్నంతవరకు అది భారత పౌరురాలి సొంత డబ్బు. ఆమె చెక్కు రాసి ఇస్తే మామూలు విరాళం, ఏ చిక్కూ లేదు. అందులో 20 లక్షలు మీ అన్నయ్య చేతికి వెళ్లి, అక్కడి నుంచి యూనివర్సిటీకి చేరితే వ్యవహారం మారిపోతుంది. ఎఫ్‌సీఆర్ఏ అని పిలిచే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, ఇచ్చింది రూపాయలా డాలర్లా అని చూడదు, ఇచ్చిన మనిషి ఏ దేశ పౌరుడో చూస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, డబ్బు విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతాలోదే అయినా, అది సొంతూరి పొలం డబ్బే అయినా, అమెరికా పాస్‌పోర్టు ఉన్నాయన ఇస్తే విదేశీ విరాళమే. అదే భారత పాస్‌పోర్టు ఉంచుకున్న ఎన్నారై తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఆ లెక్కలోకి రాదు. ఈ తేడా తెలియక ఎన్నో కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయి. 'అన్నయ్య వాటా నా ఖాతాలో వేయించుకుని నేనే ఇస్తా' అని కూడా అనుకోవద్దు. చేతులు మారి వచ్చినా చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది.

కాబట్టి 60 లక్షలకూ దాత ఒక్కరే, మీ అమ్మగారు. మీ ముగ్గురి పేర్లూ ఒప్పంద పత్రంలో కుటుంబ ప్రతినిధులుగా రాయించుకోండి. గౌరవం అందరికీ దక్కుతుంది, కాగితాలు ఒక్కరివే ఉంటాయి.

ఇక నాలుగు కోరికల్లో ఏది తీరుతుందో వడ్డీయే చెబుతుంది. శాశ్వత నిధి అంటే అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా వడ్డీతో నడిచేది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఇలాంటి నిధులను చాలావరకు బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంచుతాయి. వడ్డీ ఆరున్నర శాతం అనుకుందాం. ఆ వడ్డీ మొత్తం ఏటా ఖర్చుపెట్టేస్తే, ఇరవై ఏళ్లకు అసలు అంకె అలాగే ఉంటుంది గానీ దాని విలువ కరిగిపోతుంది.

ఇందుకు మీ అమ్మగారు కోరుకున్న గోల్డ్ మెడలే మంచి ఉదాహరణ. 2005లో ఎవరైనా మెడల్ కోసం లక్ష రూపాయలు కట్టారనుకోండి. ఏడాదికి 6,500 వడ్డీ. అప్పుడు పది గ్రాముల బంగారం ఏడు వేల దగ్గర ఉండేది, అంటే వడ్డీతో దాదాపు పది గ్రాములు వచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఇవాళ అదే 6,500తో ఒక గ్రాము కూడా రాదు. చివరికి పూత పూసిన పతకం చేతిలో పెట్టి ఫొటో తీస్తారు. పైగా మెడల్ అందేది చదువు పూర్తయ్యాక, అదీ ఫస్ట్ వచ్చిన ఒక్కరికే. మధ్యలో డబ్బు లేక చదువు ఆపేసిన పిల్లవాడికి దానితో ఒరిగేదేమీ లేదు. అమ్మగారి మాట తీసేయమనను. స్కాలర్‌షిప్ తీసుకుంటున్న వాళ్లలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి స్నాతకోత్సవం నాడు నాన్నగారి పేరుతో ప్రశంసా పత్రం, పుస్తకాలు ఇప్పించండి. ఏటా అయిదారు వేలతో అయిపోతుంది.

ప్రొఫెసర్ పీఠం సంగతి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) స్కేలులో ప్రొఫెసర్ మూలవేతనమే 1,44,200 రూపాయల నుంచి మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె కలిపితే నెలకు రెండు లక్షల నలభై వేలు ఎక్కడికీ పోదు, ఏడాదికి సుమారు 29 లక్షలు. నిధి కరగకుండా ఏటా నాలుగున్నర శాతమే తీస్తామనుకుంటే, ఒక్క జీతానికే ఆరున్నర కోట్ల దాకా అసలు కావాలి. పింఛను, ల్యాబ్, విద్యార్థులు ఇందులో లేరు. కోటి రూపాయలకు 'చెయిర్ ప్రొఫెసర్' అని ఎక్కడైనా చదివితే అది కొత్త పోస్టు కాదని గ్రహించండి. అప్పటికే జీతం తీసుకుంటున్న ఆచార్యుడికి పీఠం పేరు ఇచ్చి, ఆ వడ్డీతో పరిశోధన ఖర్చులకు కొంత జోడిస్తారు. అదీ మంచి పనే, కానీ కొత్త మనిషి రాడు.

నిజమైన పీఠం ఎంత చేయగలదో చూడాలంటే కలకత్తా విశ్వవిద్యాలయం వైపు చూడాలి. తారకనాథ్ పాలిత్ అనే న్యాయవాది 1912లో లక్షల విలువైన తన ఆస్తిని సైన్సు కళాశాల కోసం రాసిచ్చారు. పీఠాల్లో భారతీయులే ఉండాలని షరతు పెట్టారు. ఆ పాలిత్ ప్రొఫెసర్ పదవిలోకి 1917లో ప్రభుత్వ ఆడిట్ ఉద్యోగం వదిలేసి వచ్చినవారే సి.వి.రామన్. మన వైపు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఈ కాలంలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యం, సంస్కృతి, చరిత్రల ఆచార్య పీఠం కొప్పాక విశ్వేశ్వరరావు, సీత దంపతుల పేరున నిలిచింది. ఇవన్నీ ఒక మనిషి జీతాన్ని కలకాలం మోయగల స్థాయిలో ఇచ్చినవి. మీ మొత్తానికి ఆ పేరు పెట్టుకుంటే బోర్డు మాత్రమే మిగులుతుంది.

పరిశోధక విద్యార్థిని పోషిద్దామన్నా లెక్క గట్టిగానే ఉంటుంది. జూనియర్ పరిశోధకులకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఏడాదికి 4,44,000. రెండేళ్ల తర్వాత 42,000 అవుతుంది. ఇంటి అద్దె దానికి అదనం. మీ 60 లక్షల వడ్డీ మొత్తం 3,90,000. ఒక్కరికీ చాలదు.

మీ చెల్లెలి గది గురించి రెండు మాటలు చాలు. గది కట్టడం కన్నా దాన్ని నడపడం ఖరీదు. విశ్వవిద్యాలయ ఇంజనీరు ఇచ్చే ఎస్టిమేటులో జీఎస్టీ కలిసిందో లేదో, కరెంటు పని, ఫర్నిచరు ఉన్నాయో లేదో ముందు అడగాలి. తర్వాత ల్యాబ్ పరికరాలకు వార్షిక మరమ్మతు ఒప్పందం, అటెండరు, కరెంటు బిల్లు ఎవరి పద్దులో పడతాయో రాయించుకోవాలి. దాతలు పెట్టించిన ఆర్ఓ ప్లాంట్లు రెండో ఏడాదికే మూలపడేది ఇందుకే. ఫిల్టర్ మార్చడానికి ఏ పద్దూ ఉండదు. బాపట్లలో పుట్టిన చివుకుల కృష్ణ 2024లో ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చినప్పుడు, ఆయన పేరు పెట్టిన భవనం నిర్వహణ ఖర్చు కూడా ఆ డబ్బుతో చేసే పనుల్లో చేరింది. అంత పెద్ద దాతే ఆ సంగతి ఆలోచిస్తే, చిన్న దాత మరీ ఆలోచించాలి.

చెల్లెలి కంపెనీ సీఎస్ఆర్ డబ్బు నిజంగా వస్తే, గదికి అది సరిపోతుంది. అయితే ఆ డబ్బును మీ శాశ్వత నిధిలో కలపాలని చూడకండి. శాశ్వత నిధికి ఇచ్చింది సీఎస్ఆర్ ఖర్చు కిందికి రాదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లోనే స్పష్టం చేసింది. ఫలానా గది, ఫలానా పరికరాలు, ఇన్ని నెలల్లో అని ప్రాజెక్టుగా అయితేనే వాళ్లు ఇవ్వగలరు.

మిగిలింది మీ ఆలోచన. నా ఓటు దానికే, అదీ ట్యూషన్ ఫీజుకు కాదు, మెస్ బిల్లుకు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. అర్హత ఉన్నవారికి ఫీజు అక్కడ వస్తున్నప్పుడు మీరూ ఫీజే ఇస్తే ఒకదానికొకటి అడ్డుపడుతుంది. హాస్టల్ మెస్, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటింగు, ఇంటర్వ్యూకి వెళ్లే రైలు చార్జీ – పిల్లలు అప్పు చేసేది వీటికే. మీ నాన్నగారు నెలాఖరున టీ, బన్నుతో గడిపింది కూడా ఇక్కడే.

లెక్క ఇలా వేసుకోండి. 50 లక్షలు శాశ్వత నిధి, 10 లక్షలు విడిగా ఖర్చు నిధి. ఒక్కొక్కరికి నెలకు 2,500 చొప్పున పది నెలలు, అంటే ఏడాదికి 25,000. ఎమ్మెస్సీ రెండేళ్లు కాబట్టి మొదటి ఏడు నలుగురిని ఎంచుకోండి. రెండో ఏడు వాళ్లు కొనసాగుతారు, కొత్తగా మరో నలుగురు చేరతారు. ఇక్కడే చాలా స్కాలర్‌షిప్‌లు తప్పుతాయి. ఉన్న డబ్బంతా మొదటి ఏడాది పిల్లలకే పంచేస్తారు, వాళ్లు రెండో ఏడాదికి వచ్చేసరికి డబ్బు ఉండదు. సగంలో వదిలేసిన సాయం అసలు చేయనిదానికన్నా కష్టం.

మొదటి ఏడు లక్ష, తర్వాత నాలుగేళ్లు రెండేసి లక్షలు, మొత్తం 9 లక్షలు. మిగిలిన లక్ష అత్యవసరాలకు, అంటే ఆసుపత్రి ఖర్చో, ఇంట్లో పెద్దదిక్కు పోవడమో జరిగిన పిల్లలకు. ఈ అయిదేళ్లూ 50 లక్షల వడ్డీని ముట్టుకోకుండా అసలులోనే కలుపుతూ పోతే, ఆరున్నర శాతం చొప్పున అది 68 లక్షల 50 వేలు అవుతుంది. ఆరో ఏడు వడ్డీ 4,45,000. అందులో 30 శాతం మళ్లీ అసలులో కలిపినా మూడు లక్షల పైచిలుకు చేతికొస్తుంది, పన్నెండు మందికి సరిపోతుంది. అదే 60 లక్షలూ ఒకేసారి వేసి మొదటి రోజు నుంచే వడ్డీ పూర్తిగా పంచితే ఇవాళ పదిహేను మందికి వస్తుంది, కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ 25,000తో రెండు నెలల మెస్ కూడా గడుస్తుందో లేదో. 30 శాతం కలపడం వల్ల ధరల పెరుగుదలను పూర్తిగా అందుకోలేం, కరుగుదల నెమ్మదిస్తుందంతే. అందుకే కుటుంబంలో ఎవరైనా తర్వాత కూడా ఎంతో కొంత ఆ నిధికే కలిపే వీలు పత్రంలో ఉంచండి.

ఇప్పుడు మీ భయం సంగతి. డబ్బు దారి తప్పడం అంటే ఎవరో జేబులో వేసుకోవడమని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అది కాదు. విరాళం విశ్వవిద్యాలయ సాధారణ ఖాతాలో పడుతుంది. జీతాల నెల వస్తుంది. వడ్డీ ఏ పద్దుదో తేల్చేవాళ్లు ఉండరు. డిపాజిట్ దానంతటదే రెన్యూ అవుతూ ఉంటుంది, నోటిఫికేషన్ ఇచ్చే గుమాస్తా బదిలీ అయిపోతాడు. మూడేళ్ల తర్వాత అడిగితే ఫైలు వెతకాలి. దీనికి విరుగుడు ఒప్పంద పత్రమే. చెక్కు ఇవ్వకముందే అది పూర్తి కావాలి, తర్వాత కాదు.

పత్రంలో ఉండాల్సినవి చెబుతాను. మొదటిది, ఈ మొత్తం 'కార్పస్' (శాశ్వత నిధి) కోసమేనని దాత లేఖలో స్పష్టంగా ఉండాలి. ఆ మాట లేకపోతే అది మామూలు విరాళంగా ఖర్చయిపోవచ్చు. నిధి పేరుతో విడి ఖాతా, విడి లెడ్జరు ఉండాలి. డిపాజిట్ రసీదు నకలు, ఏడాదికోసారి జూన్ 30లోగా వడ్డీ ఎంత వచ్చింది, ఎవరెవరికి ఎంత వెళ్లింది అనే ఒక పేజీ లెక్క మీకు పంపాలి. రిజిస్ట్రారు సంతకానికి ముందు పాలక మండలి తీర్మానం జరగాలి, ఆ తీర్మానం నంబరు పత్రంలో ఎక్కాలి. వీసీ గారు మాట ఇచ్చారన్నది చాలదు. వీసీ పదవీకాలం మూడేళ్లు, మీ నిధికి మూడు తరాలు.

తేదీలు కూడా రాయించండి. ఆగస్టులో నోటిఫికేషన్, సెప్టెంబరు ఆఖరుకు ఎంపిక, అక్టోబరు నుంచి నెలనెలా డబ్బు. మార్చిలో ఒకేసారి 25,000 ఇస్తే అప్పటికే వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికే పోతుంది. డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకో, హాస్టల్ మెస్ ఖాతాకో వెళ్లాలి.

అర్హతల దగ్గర ప్రేమతోనే పొరపాటు చేస్తారు. 'మా మండలం నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఫిజిక్స్‌లో 80 శాతం దాటిన ఆడపిల్ల' అని రాస్తే మొదటి రెండేళ్లు ఒకరు దొరుకుతారు, తర్వాత ఎవరూ ఉండరు. డబ్బు అలా పడి ఉంటుంది, నిబంధన మార్చే అధికారం ఎవరికీ ఉండదు. మెట్లుగా రాయండి: ముందు ఫిజిక్స్ విద్యార్థులు, దొరక్కపోతే సైన్సు విభాగాల్లో ఎవరైనా, అదీ కాకపోతే హాస్టల్లో ఉన్న ఏ పీజీ విద్యార్థి అయినా. మీ మండలం వాళ్లకు ప్రాధాన్యం అనండి, వాళ్లకు మాత్రమే అనకండి. మార్కుల కోత కూడా 55 శాతం దగ్గరే ఉంచండి. పగలు చదువు, రాత్రి పని చేసుకునే పిల్లలకు 80 రావు. పాతికేళ్లకు ఆ కోర్సే లేకుండా పోతే ఏం చేయాలో ఒక వాక్యం ఉండాలి: దీనికి దగ్గరి ఉద్దేశానికి పాలక మండలి కుటుంబాన్ని సంప్రదించి మార్చవచ్చు. ఆ కుటుంబ ప్రతినిధి ఎవరో, వారి తర్వాత ఎవరో కూడా రాయండి. ఎవరూ లేని రోజుకు డిపార్ట్‌మెంటు పూర్వవిద్యార్థుల సంఘాన్ని చూపండి.

ఎంపిక కమిటీలో విభాగాధిపతి, హాస్టల్ వార్డెను, మరో విభాగం ఆచార్యుడు ఉంటే చాలు. మీరు కావాలంటే పరిశీలకులుగా కూర్చోండి, ఓటు మాత్రం వద్దు. ఫలానా వాళ్ల అబ్బాయికి ఇవ్వండి అనే ఫోన్లు మీకే వస్తాయి, ఓటు లేదని చెప్పగలిగితే మీకూ తేలిక.

పన్ను కోసం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. విరాళాల మీద పన్ను మినహాయింపు (పాత చట్టంలో 80జి) కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి లేదు. పాత విధానంలోనూ చాలా సంస్థలకు ఇచ్చినదానిలో సగమే, అదీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి వస్తుంది. మిగిలింది వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికి కుదరదు. పింఛను మీద బతికే అమ్మగారికి దీనివల్ల మిగిలేది కొంచెమే. పన్ను మిగులుతుందని విరాళాన్ని ముక్కలు చేసి నిధిని ఆలస్యం చేయడం నష్టమే. అయినా రసీదు, పాన్ నంబరుతో విరాళ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. పాత చట్టంలో 10బీఈ అనే ఆ పత్రం ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్లు, ఫారాల అంకెలు మారి ఉంటే కంగారుపడకండి. పొలం అమ్మకం మీద పన్ను ఉందో లేదో మాత్రం విరాళం ఇచ్చే ముందే ఆడిటరుకు చూపించండి. పల్లెలోని సాగుభూమికి ఒక లెక్క, మున్సిపాలిటీ దగ్గరి భూమికి ఇంకో లెక్క. పన్ను కట్టాల్సి ఉంటే ఆ డబ్బు ముందు పక్కన పెట్టాలి.

అన్నయ్య గారి 25 వేల డాలర్లు వేరే దారిలో రావాలి. ఆ విశ్వవిద్యాలయానికి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషను ఉందా, లేక మినహాయింపు ఉందా అని రిజిస్ట్రారును రాతపూర్వకంగా అడగండి. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు మినహాయింపు ఉంది. రాష్ట్ర చట్టంతో ఏర్పడినంత మాత్రాన సరిపోదు, ఆడిట్ షరతు కూడా కుదరాలి. రిజిస్ట్రేషను ఉంటే డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే రావాలి. 'పూర్వవిద్యార్థుల సంఘానికి పంపండి, మేం యూనివర్సిటీకి ఇస్తాం' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదని 2020 సవరణ తేల్చేసింది. అమెరికాలో పన్ను మినహాయింపు, ఉద్యోగి ఇచ్చినదానికి ఆఫీసు వాళ్లు తమ వంతు కలిపే మ్యాచింగ్ కావాలంటే అక్కడ ధర్మసంస్థలకు ఇచ్చే 501(సి)(3) హోదా ఉన్న సంస్థ ద్వారానే పంపాలి. నేరుగా ఇక్కడికి పంపితే ఆ రెండూ రావు.

ఆ దారి కుదిరితే ఆయన పీఠం కోరికకు చిన్న రూపం ఉంది. ఆ డాలర్లు రూపాయల్లో 20 లక్షల పైచిలుకు అవుతాయి. వడ్డీలో 30 శాతం వెనక్కి వేసినా ఏటా 90 వేలు చేతిలో ఉంటాయి. బయటి నుంచి ఒక మంచి ఫిజిక్స్ ఆచార్యుణ్ని పిలిచి, గెస్ట్‌హౌస్‌లో వారం రోజులు ఉంచి, విద్యార్థులకు పాఠాలు చెప్పించడానికి ప్రయాణ ఖర్చుతో సహా సరిపోతుంది. ఒక్క సాయంత్రం సన్మానంతో ముగిసే స్మారకోపన్యాసం కన్నా వారం పాఠాలు మేలు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. మీ అమ్మగారి పేరుతో రిజిస్ట్రారుకు ఒక పేజీ లేఖ రాయండి. మొత్తం ఎంత, ఉద్దేశం ఏమిటి అని రెండు వాక్యాలు, తర్వాత నాలుగు ప్రశ్నలు: దాతల నిధులకు మీ నియమావళి నకలు ఇస్తారా, విడి ఖాతా తెరుస్తారా, గత మూడేళ్లలో ఇప్పటికే ఉన్న దాతల నిధుల నుంచి ఎంతమందికి స్కాలర్‌షిప్ వెళ్లింది, ఎఫ్‌సీఆర్ఏ స్థితి ఏమిటి. నకలు ఫైనాన్స్ ఆఫీసరుకు, ఫిజిక్స్ విభాగాధిపతికి పంపండి. మూడో ప్రశ్నకు పేర్ల జాబితా, తేదీలతో జవాబు వస్తే ముందుకు వెళ్లండి. 'ఇస్తున్నాం' అన్న ఒక్క ముక్కే వస్తే, చెక్కు పుస్తకం బీరువాలోనే ఉంచి మళ్లీ అడగండి.